దారం పట్టు తెలిస్తేనే... చేప గట్టుకు!

ఆదివారం. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ముంబయి వైపు పరుగులు తీసే లారీల వెలుగు తప్ప పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో మరో సందడి లేదు. చాయ్ బండి మీద మొదటి గిన్నె అప్పుడే పొంగుతోంది. రాత్రి షిఫ్టు ముగించుకుని కంపెనీ బస్సులు దిగిన వాళ్లు కళ్లు నులుముకుంటూ గదులకు వెళ్తున్నారు. ఒకరిద్దరు మాత్రం వెళ్లరు. చాయ్ తాగి, బైకు వెనక వెదురుకర్రో మడతపెట్టే ఫైబర్ కర్రో కట్టుకుని, సంచిలో వానపాముల డబ్బా, గోధుమపిండి ముద్ద పెట్టుకుని బయల్దేరుతారు. వారమంతా యంత్రాల రొద మధ్య గడిపిన చెవులకు ఓ పూట నిశ్శబ్దం కావాలి మరి!

సంగారెడ్డి పట్టణానికి గుమ్మం లాంటిది పోతిరెడ్డిపల్లి. హైదరాబాద్ నుంచి జహీరాబాద్ మీదుగా ముంబయి వైపు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. పాతవాళ్ల నోట ఇప్పటికీ అది 'తొమ్మిదో నంబరు రోడ్డే'. ఒకవైపు కంది, రుద్రారం, ఇస్నాపూర్, పటాన్‌చెరు వరకూ వరుసగా ఫ్యాక్టరీలు. మరోవైపు మంజీర, సింగూరు. అంటే ఇటు పొగ గొట్టాలు, అటు నీళ్లు. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, బీహార్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లలో చిన్నప్పుడు ఊరి చెరువులో గాలం వేయనివాళ్లు తక్కువే. సరదా ఊరి నుంచి వెంట వచ్చింది. కానీ ఇక్కడి చెరువు వేరు, చేప వేరు. చాలామంది బోల్తా పడేది కర్ర దగ్గరా కాదు, ఎర దగ్గరా కాదు... దారం దగ్గర!

"ఇంత లావు దారమేసినా తెగిపోనాదేటి తాతా?" అని ఓ శ్రీకాకుళం కుర్రాడు దిగులు పడితే, గట్టు మీద వల సర్దుకుంటున్న ముసలాయన తెగిన కొసను వేళ్ల మధ్య పెట్టి చూశాడు. "దారం మంచిదే బిడ్డా. ముడి దగ్గర కాలింది. ఎండిన ముడిని గట్ల గుంజుతరా?" అన్నాడు. కుర్రాడికి నమ్మకం కలగలేదు. నీళ్లలో ఉన్న దారం కాలడమేమిటి?

అక్కడే ఉంది అసలు కిటుకు.

గుర్రపు వెంట్రుక నుంచి నైలాన్ దాకా

గాలం సరదా కొత్తదేం కాదు. ఇదే రహదారి మీద వంద కిలోమీటర్లకు కాస్త పైగా పోతే బసవకల్యాణ్ వస్తుంది. పశ్చిమ చాళుక్యుల రాజధాని కల్యాణి అదే. 12వ శతాబ్దంలో అక్కడి నుంచి ఏలిన మూడో సోమేశ్వరుడు 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథం రాశాడు. వంట, వైద్యం, సంగీతం, ఏనుగులు... రాజుగారు వదిలిపెట్టిన విషయం లేదు. అందులో 'మత్స్యవినోదం' పేరుతో గాలం వేటకే ఓ భాగం కేటాయించాడు. ఏ చేప ఎలాంటిది, దేనికి ఏ ఎర వేయాలి, చేపలకు ముందుగా మేత వేసి ఎలా మరిగించాలి అన్నీ అందులో ఉన్నాయి. గట్టు మీద పిండి ముద్దలు విసిరి చేపలను పోగుచేసే నేటి వేటగాడు తనకు తెలియకుండానే ఆ రాజుగారి శిష్యుడన్నమాట!

అప్పట్లో దారాలు నారతోనో నూలుతోనో పేనేవారు. ఐరోపాలో గుర్రపు తోక వెంట్రుకలు మెలిపెట్టి వాడారు. పట్టుపురుగు గ్రంథుల నుంచి సాగదీసిన తీగ కూడా చాలాకాలం చలామణి అయ్యింది. నూలుదీ నారదీ ఒకటే జబ్బు... నీళ్లలో నాని కుళ్లిపోవడం. అందుకే జాలర్లు బెరళ్ల కషాయంలో వలలు ముంచి ఎండబెట్టేవారు. వేట ఎంతసేపో వల ఆరబెట్టడం అంతసేపు.

1935లో అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కారొథర్స్ నైలాన్ తయారుచేశాడు. ఆడవాళ్ల మేజోళ్ల కోసమని పేరు మోగిన ఆ పదార్థం మూడు నాలుగేళ్లలోనే ఒంటిపోగు గాలం దారంగా కూడా మారింది. కుళ్లదు, నీటిలో కనబడీ కనబడనట్టు ఉంటుంది, చవక. జాలరి ఇంటి ముందు కషాయం కాగులు క్రమంగా మాయమైపోయాయి. మన దగ్గర 'టంగూసు' అంటూ దుకాణంలో అడిగేది ఈ నైలాన్ దారాన్నే.

ఇప్పుడు దుకాణంలో మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది ఈ నైలాన్ ఒంటిపోగు. రెండోది సన్నని పాలిథిలిన్ పోగులు అల్లిన జడ దారం. మూడోది ఫ్లోరోకార్బన్, 1970ల మొదట్లో జపాన్ నుంచి వచ్చింది. ధర కూడా దాదాపు ఇదే వరుసలో పెరుగుతుంది. ఖరీదైనదే మంచిదనుకుని కొత్తవాళ్లు జేబు ఖాళీ చేసుకుంటారు కానీ, మన చెరువుల్లో సగం పనికి మొదటి రకమే చాలు.

సాగేది ఒకటి... సాగనిది ఒకటి

నైలాన్ గుణం సాగడం. తెగే ముందు దాని పొడవులో అయిదో వంతు, కొన్ని రకాలైతే అంతకన్నా ఎక్కువే సాగుతుంది. చేప ఒక్కసారిగా దూకినప్పుడు ఈ సాగుడే స్ప్రింగులా ఆ ఊపును మింగేస్తుంది. కొత్తవాడు కంగారుపడి లాగినా దారం క్షమిస్తుంది! బొచ్చె, రవ్వ, బంగారుతీగ లాంటి చేపలకు ఇదే మేలు. వాటి మూతి మెత్తన. బిగుతుగా లాగితే గాలం పెదవిని చీల్చుకుని ఊడిపోతుంది.

జడ దారం ఇందుకు పూర్తిగా విరుద్ధం. దాదాపు సాగదు. అటు చేప ఎరను ముట్టుకుంటే ఇటు వేలికి తెలిసిపోతుంది. ఒకే లావులో నైలాన్ కంటే కొన్ని రెట్లు గట్టిది. నీటికన్నా తేలిక కాబట్టి తేలుతుంది. కొర్రమట్ట కోసం కప్పబొమ్మను తూటికాడ మీదుగా, తామరాకుల మీదుగా లాక్కొచ్చేవాళ్లకు ఇదే కావాలి. కొర్రమట్ట ఎర అందుకోగానే నాచులోకి దూరుతుంది. అక్కడ సాగే దారం ఉంటే చేప చుట్టూ తీగలు చుట్టుకుని కథ ముగుస్తుంది. అందుకే పదిహేను ఇరవై కిలోలు ఆపగల జడ దారం వేసి, దూరేలోపే తల ఇటు తిప్పేస్తారు. అలాగని జడ దారానికి లోపం లేదా అంటే ఉంది. రాళ్ల మీద రాసుకుంటే పోగులు లేచిపోతాయి. వేళ్లకు చుట్టుకుని లాగితే కత్తిలా కోస్తుంది. చేతికి గుడ్డ చుట్టుకోకుండా లాగినవాళ్ల చూపుడువేళ్లు చూస్తే తెలుస్తుంది!

ఫ్లోరోకార్బన్ నీటికన్నా బాగా బరువు, మునుగుతుంది. కాంతిని వంచే గుణం నీటికి కాస్త దగ్గరగా ఉండటంతో నైలాన్ కన్నా తక్కువ కనిపిస్తుంది. ఎండకు పాడవదు, రాపిడికి ఓర్చుకుంటుంది. కానీ బిరుసు, పైగా ఖరీదు. మొత్తం చుట్ట కొనడం దండగ. చివర రెండు మూడు అడుగులు ముక్క కట్టుకుంటే చాలు, అదీ తేట నీళ్లయితేనే. వానాకాలపు ఎర్రనీళ్లలో చేపకు దారం కనిపించకూడదని తాపత్రయపడటం చీకట్లో కన్ను గీటినట్టే.

వాలుగ సంగతి మాత్రం వేరు. దాని నోట్లో పళ్ల వరుసలు ఆకురాయిలా ఉంటాయి. ఎంత లావు నైలాన్ వేసినా నమిలేస్తుంది. గాలానికి ముందు జానెడు ఉక్కు తీగ కట్టాల్సిందే.

ఇక లావు సంగతి. చుట్ట మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి మిల్లీమీటర్లలో మందం, రెండోది ఎంత బరువుకు తెగుతుందన్నది. రెండోది కిలోల్లో ఉండొచ్చు, పౌండ్లలో ఉండొచ్చు. పది పౌండ్లంటే నాలుగున్నర కిలోలే, పది కిలోలు కాదు. ఈ తేడా గమనించక మోసపోయామని దుకాణదారుతో గొడవపడేవాళ్లున్నారు. సాధారణ నైలాన్‌లో 0.20 మిల్లీమీటర్లది సుమారు మూడు కిలోలకు, 0.30 అయితే ఆరేడు కిలోలకు, 0.40 అయితే పది పన్నెండు కిలోలకు తట్టుకుంటుంది. మందం రెట్టింపైతే బలం రెట్టింపు కాదు, సుమారు నాలుగింతలు. అట్ట మీద అంతకు మించి గొప్పలు రాసి ఉంటే కాస్త అనుమానించడమే మంచిది. జిలేబీ చేపలకు, పరకలకు 0.20 చాలు. రవ్వకూ బంగారుతీగకూ 0.30, 0.35. బొచ్చె పెద్దది పడుతుందని ఆశ ఉంటే 0.40. అంతకన్నా లావెక్కితే ఎర సహజంగా కదలదు, చేప దగ్గరికొచ్చి వెనక్కి పోతుంది.

ముడి మీద ఉమ్మి... మూఢనమ్మకం కాదు!

మళ్లీ ఆ కుర్రాడి దగ్గరికి వద్దాం. ముడి బిగించేటప్పుడు దారం దారం మీద రాసుకుని వేడి పుడుతుంది. నైలాన్ ప్లాస్టిక్కే కదా, ఆ వేడికి ఆ ఒక్కచోట మెత్తబడి బలం కోల్పోతుంది. కంటికి కనిపించదు. పెద్ద చేప పడ్డప్పుడు తెలుస్తుంది. పాతకాపులు ముడి మీద ఉమ్మి రాసి, నెమ్మదిగా లాగేది ఇందుకే. చూసేవాళ్లకు దిష్టి తీసినట్టు ఉంటుంది కానీ అందులో ఉన్నది భౌతికశాస్త్రం!

ఆ ముసలాయన చూపించిన ముడి కష్టమైనదేం కాదు. గాలం కన్నంలోంచి దారం దూర్చి, కొసను అసలు దారం చుట్టూ అయిదారు మెలికలు తిప్పాలి. కన్నం పక్కనే మిగిలిన చిన్న ఉంగరంలోంచి కొసను వెనక్కి తేవాలి. తడి చేయాలి. మెలికలు ఒకదాని పక్కన ఒకటి పడేలా మెల్లగా బిగించాలి. కొస రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి కత్తిరించాలి. జడ దారం నున్నగా జారుతుంది కాబట్టి దాన్ని రెండు పేటలుగా చేసి కన్నంలో దూర్చి ముడి వేయడం నయం. రెండు గంటలకోసారి, లేదా ఓ మంచి చేప పడ్డాక, ముడి తెంపి కొత్తది కట్టుకోవాలి. బద్ధకించేది ఇక్కడే.

చుట్టడంలోనూ ఓ పద్ధతి ఉంది. రీలు అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల కిందివరకూ దారం నింపాలి. ఇంకా తక్కువైతే విసిరినప్పుడు దూరం పోదు. అంచుదాకా నింపితే వలయాలు వలయాలుగా జారి కాకి గూడు తయారవుతుంది. దాన్ని విప్పుతూ కూర్చుంటే ఆదివారం గడిచిపోతుంది. కొత్త చుట్ట నుంచి రీలుకు ఎక్కించేటప్పుడు తడిగుడ్డతో పట్టి కాస్త బిగువుగా చుట్టాలి. దారం మెలిపడుతుంటే చుట్టను తిరగేసి చూడాలి. జడ దారమైతే అడుగున నాలుగు చుట్లు నైలాన్ వేసి దానిమీద ఎక్కించాలి, లేదంటే మొత్తం చుట్టే గుండ్రంగా జారిపోతుంది.

ఇంటికి వచ్చాక మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టడం అయిదు నిమిషాల పని. నైలాన్‌కు ఎండ పరమ శత్రువు. సంగారెడ్డి మే నెల ఎండలో బైకు మీద నెలరోజులు వదిలేసిన దారం కొత్తదైనా నమ్మకూడదు. ఇంకో శత్రువు ఈ ప్రాంతంలో మరీ దగ్గరగా ఉంటుంది... యాసిడ్. నైలాన్‌ను గాఢమైన ఆమ్లాలు కరిగిస్తాయి. బ్యాటరీ పక్కన, ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ఖాళీ రసాయనాల డబ్బాలో దారం దాచుకునేవాళ్లు జాగ్రత్త పడాలి. అసలు ఆ డబ్బాలు ఇంట్లోకి తేవడమే తప్పనుకోండి, అది వేరే సంగతి. పాతదారం బాగుందో లేదో తెలుసుకోవాలంటే కొస నుంచి నాలుగు మీటర్లు రెండు గోళ్ల మధ్య నుంచి లాగితే సరి. ఎక్కడ గరుకు తగిలిందో అక్కడివరకూ తెంపేయడమే. మొత్తం చుట్ట పాతబడితే పారేయక్కర్లేదు. తిరగేసి చుట్టుకుంటే ఇన్నాళ్లూ అడుగున దాగి ఉన్న కొత్త దారం పైకి వస్తుంది. ఒక చుట్టకు రెండు జన్మలు!

ఏ నీళ్లలో వేయాలి?

కర్ర ఉంది, దారం ఉంది. మరి నీళ్లేవి? పోతిరెడ్డిపల్లి నుంచి చూస్తే చుట్టూ నీళ్లే. కానీ అన్నీ గాలానికి పనికిరావు.

దగ్గర్లో ఉన్నది కల్పగూరు దగ్గరి మంజీర బ్యారేజి. 1960ల నుంచి హైదరాబాద్ దాహం తీర్చిన నీళ్లవి. 1978 నుంచి అది వన్యప్రాణుల అభయారణ్యం కూడా. మగర్ మొసళ్లకు పేరు. అక్కడ గాలం వేయడం చట్టరీత్యా నేరం. చట్టం మాట అటుంచినా, గట్టు మీద కూర్చుని బెండు వైపు చూసేవాడిని నీళ్లలోంచి మరొకరు చూస్తుంటారన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పటాన్‌చెరు వైపు వెళ్తే నక్కవాగు. 1970ల్లో పారిశ్రామికవాడ వచ్చాక ఆ వాగు రంగు మారిపోయింది. 1990లోనే పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది. చివరికి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరి 2017లో తీర్పు వచ్చింది. ఈ మధ్యలో 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం ప్రచురించిన పరిశోధన ప్రపంచాన్నే ఉలిక్కిపడేలా చేసింది. పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. రోగికి మందిచ్చాక రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ! వాగు నీళ్లు చివరికి మంజీరలోనే కలుస్తాయి. అమీన్‌పూర్ పక్కన గండిగూడెం చెరువులో చేపలు తెల్లగా పొట్టలు పైకెత్తి గుట్టలుగా తేలిన దృశ్యాలు పత్రికల్లో ఒకటికి రెండుసార్లు వచ్చినవే. ఏ చెరువులో ఎన్ని కిలోల విత్తనం వేశారో మత్స్యకార సంఘం దగ్గర లెక్క ఉంటుంది. ఏ రాత్రి ఏ గొట్టం తెరిచారో మాత్రం లెక్క దొరకదు.

అందుకే ఈ దారిలో ఏ చెరువు పక్కన కర్ర నాటినా ముందు ఆ ఊరివాళ్లను అడగాలి. రెండు ప్రశ్నలు. ఈ చేపలు మీరు తింటారా? గాలం వేసుకోవచ్చా? మొదటిదానికి వాళ్లు తల అడ్డంగా ఊపితే రెండోది అడగక్కర్లేదు. రెండో ప్రశ్న కూడా మర్యాద కోసం కాదు. చెరువుల్లో చేపల మీద హక్కు ఊరి మత్స్యకార సహకార సంఘానిది. అందులో ఉన్న ముదిరాజులు, గంగపుత్రులు సొంత డబ్బుతోనో ప్రభుత్వం ఇచ్చిన విత్తనంతోనో చేపపిల్లలు వదిలి ఏడాదంతా కాపలా కాసుకుంటారు. మనకు సరదా, వాళ్లకు బియ్యం బస్తా. అడిగితే ఓ పూటకు కాదనేవాళ్లు తక్కువ. అడక్కుండా నాలుగు కిలోల బొచ్చె ఎత్తుకుపోతే మాత్రం ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

ఇక మిగిలింది సింగూరు. జోగిపేట దారిలో కాస్త దూరమే అయినా పెద్ద నీళ్లు చూడాలంటే అక్కడికే పోవాలి. దాదాపు 30 టీఎంసీల జలాశయం. 2016 ఎండాకాలంలో అడుగంటి నెర్రెలిచ్చింది, అదే ఏడాది సెప్టెంబరు వానలకు మళ్లీ నిండింది. అక్కడ వేట మత్స్యశాఖ లైసెన్సుతో సాగుతుంది. వానాకాలం మొదట్లో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో దారం ఇంట్లోనే ఉంచడం మంచిది. కొర్రమట్ట విషయంలో ఇది మరీ ముఖ్యం. తెలంగాణ రాష్ట్ర చేప అన్న పేరు ఊరికే రాలేదేమో... తల్లీతండ్రీ కలిసి పిల్లల గుంపును కాచుకుంటాయి. నీటి మీద ఎర్రటి పిల్లలు బుడబుడమంటూ కనిపిస్తే ఆ కింద పెద్దచేప ఉందని అర్థం. కోపంతో ఏ ఎరనైనా కరుస్తుంది. దాన్ని పట్టడం ఎంత సులువో, పట్టాక ఆ పిల్లలను మిగతా చేపలు మింగడమూ అంతే సులువు.

తెగిన ముక్క ఎక్కడికి పోతుంది?

నైలాన్ కుళ్లదని మురిసిపోయాం కదా. ఆ గొప్పే ఇప్పుడు చిక్కు తెచ్చింది. తుమ్మకొమ్మకు చిక్కి తెగిన దారం, గట్టు మీద విసిరేసిన చిక్కుముడి ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. నీటికాకి రెక్కకు, కొంగ కాలికి చుట్టుకుంటాయి. పక్షి ఎగరబోయే కొద్దీ ఉచ్చు బిగుస్తుంది. అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. దేశంలో నగర పరిధిలో ఉన్న నీటి వనరుల్లో ఆ గౌరవం దక్కిన మొదటిది అదే. అక్కడికి చలికాలంలో వచ్చే విదేశీ పక్షులకు దారం అంటే ఏమిటో తెలియదు.

సంక్రాంతి రోజుల్లో గొంతులు కోస్తున్న చైనా మాంజా కూడా ఈ నైలాన్ జాతిదే. 2017లో హరిత ట్రిబ్యునల్ దేశమంతటా దాన్ని నిషేధించింది. గాలం దారానికి ఆ నిషేధం లేదు. కానీ రోడ్డు పక్కన పడేసిన గాలం దారాన్ని పిల్లలు గాలిపటానికి కట్టుకుంటే ఆ రెండింటికీ తేడా ఏముంది? జాతీయ రహదారి పక్కనే ఉన్న ఊళ్లో, బైకుల మీద పోయేవాళ్ల మెడల ఎత్తులో ఆ దారం తెగి వేలాడితే!

పొద్దు నడినెత్తికి వచ్చింది. ఉమ్మి తడితో కట్టిన కొత్త ముడి ఈసారి తెగలేదు. కిలోన్నర రవ్వ గట్టుకు చేరింది. కుర్రాడు దాన్ని సంచిలో వేసుకుంటూ, పొద్దున తెగిన పాత దారాన్ని కాలితో పక్కకు నెట్టాడు. ముసలాయన వంగి దాన్ని ఏరుకున్నాడు. మోచేతికీ బొటనవేలికీ చుట్ట చుట్టి, కొడవలితో నాలుగు ముక్కలు చేసి, నడుముకు దోపుకున్న ఖాళీ తంబాకు డబ్బాలో కుక్కాడు. డబ్బాలో అప్పటికే సగం దాకా అలాంటి ముక్కలే ఉన్నాయి.

"ఏం చేస్తావు తాతా వాటిని?"

"ఏం చేస్త? ఇంటికి తీస్కపోత. ఈడుంటె నా వలకే తగుల్తయి కదా బిడ్డా."